‘తమస్’ను పుటలోనూ తెర మీదా చదవడం: సాహిత్య కృతి టెలివిజన్ రూపాన్ని విశ్లేషించే పద్ధతి

ఒక నవలను చదివి, తర్వాత దాని టెలివిజన్ రూపాన్ని చూసినవారు మొదట అనే మాట సాధారణంగా ఒకటే ఉంటుంది: పుస్తకంలో ఉన్నంత బాగా లేదు. ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఏదైనా అది అభిప్రాయమే తప్ప విశ్లేషణ కాదు. ఏ మార్పు ఎందుకు జరిగింది, దానివల్ల కథ అర్థం ఎటు ఒరిగింది అని ఆధారంతో చెప్పగలిగిన చోటే విశ్లేషణ మొదలవుతుంది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ విషయం మీద రాసిన తొలి వ్యాసంలో నేను నలభైకి పైగా తేడాలను వరుస సంఖ్యలు వేసి మరీ పేర్చాను. దిద్దిన అధ్యాపకుడు అడుగున ఎర్ర సిరాతో ‘అయితే ఏమిటి?’ అని ఒక్క మాట రాసి తిరిగి ఇచ్చేశారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేలా పని చేయడం ఎలాగో ఇక్కడ మెట్టు మెట్టుగా వివరిస్తాను.

ఉదాహరణ లేకుండా పద్ధతి చెబితే గాలిలో మేడ అవుతుంది కనుక ఒక కృతిని మొదటి నుంచి చివరి వరకూ చేతిలో పట్టుకుందాం. అది భీష్మ్ సాహ్నీ హిందీ నవల ‘తమస్’. దానికి 1975లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. గోవింద్ నిహలానీ దానిని దాదాపు ఐదు గంటల టెలివిజన్ చిత్రంగా తీయగా దూరదర్శన్ 1988లో భాగాలుగా ప్రసారం చేసింది. మన ‘తమస్సు’ అన్న మాటే ఆ పేరు. అది చీకటి కథ, దేశ విభజనకు కొద్ది నెలల ముందు పంజాబులో చెలరేగిన మతకలహాల కథ. దీనిని ఎంచుకోవడానికి కారణం ఉంది. రచయిత స్వయంగా అందులో నటించారు, దర్శకుడు కథను గట్టిగానే మార్చారు, ప్రసారం న్యాయస్థానం దాకా వెళ్ళింది. అనుసరణను, అంటే ఒక కృతి మరో మాధ్యమంలో ఎత్తిన రూపాన్ని, పరిశీలించేవారికి కావలసిన చిక్కులన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. అవసరమైన చోట ఆర్. కె. నారాయణ్ ‘మాల్గుడి డేస్’, మన సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ కూడా పక్కకు తెచ్చుకుందాం.

మొదటి మెట్టు: చూడకముందే చదవండి, చదివినదానికి చిట్టా రాయండి

తెర రూపాన్ని ముందు చూస్తే పుస్తకం చదివేటప్పుడు ప్రతి పాత్రకూ నటుల ముఖాలే కనిపిస్తాయి. ‘తమస్’లో నత్థూ అన్న పేరు పుటలో ఎదురైనప్పుడల్లా తెర మీద ఆ పాత్ర వేసిన ఓం పురి ముఖం మెదిలితే, రచయిత ఆ మనిషిని వర్ణించాడా, ఎంత వర్ణించాడు అన్నది మీ కంట పడదు. కనుక పుస్తకంతోనే మొదలుపెట్టండి. మూలభాష రాకపోతే అనువాదంలో చదవవచ్చు. అయితే సంభాషణల గురించి ఏదైనా వాదన చేసేటప్పుడు మూలంలోని ఆ పేరాను, తెలిసినవారి సాయంతోనైనా సరే, ఒకసారి చూడక తప్పదు.

చదువుతూ కథను సంఘటనల ముక్కలుగా విడగొట్టుకోవాలి. అధ్యాయాల ప్రకారం విడగొడితే చాలదు, ఎందుకంటే ఒక అధ్యాయంలో మూడు సంఘటనలు ఉండవచ్చు, మరో అధ్యాయమంతా ఒక్క సంభాషణే కావచ్చు. ఒక్కో ముక్కకు నాలుగు విషయాలు రాయండి: ఎక్కడ జరిగింది, ఎవరి కళ్ళతో మనం చూస్తున్నాం, ఎన్ని పుటలు, ఆ ముక్క తీసేస్తే తర్వాతి కథలో ఏది కూలిపోతుంది. ఈ నాలుగో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు గాని, తర్వాత పనికొచ్చేది అదే. ‘తమస్’ మొదటి ముక్కకు ఆ గడిలో ఏమి రాస్తామో చూడండి. తోళ్ళు తీసే పని చేసే నత్థూ అనే పేదవాడు, మురాద్ అలీ చేతిలో పెట్టిన ఐదు రూపాయల కోసం, పశువైద్యుడికి కావాలన్న మాట నమ్మి, ఒక మురికి గదిలో రాత్రంతా పందితో పెనుగులాడి దాన్ని చంపుతాడు. మర్నాడు మసీదు మెట్ల మీద పంది కళేబరం కనిపిస్తుంది. ఈ ముక్క తీసేస్తే నవల మొత్తం కూలిపోతుంది. అదే డిప్యూటీ కమిషనర్ రిచర్డ్ తన భార్య లిజాతో తక్షశిల శిల్పాల గురించి, ఈ దేశ చరిత్ర గురించి మాట్లాడే ముక్క తీసేస్తే సంఘటనల గొలుసు ఎక్కడా తెగదు, కాని నవల చేసే ఆరోపణ సగానికి సగం పోతుంది. గొలుసును నిలిపే ముక్కలు, అర్థాన్ని నిలిపే ముక్కలు అని రెండు రకాలు ఉంటాయని చిట్టా రాసినప్పుడే తెలుస్తుంది. టెలివిజన్ కత్తెర సాధారణంగా రెండో రకం మీదే పడుతుంది. ఆ కత్తెర పడని చోట, దర్శకుడు దానిని ఎందుకు కాపాడుకున్నాడో అడగాలి.

రెండో మెట్టు: పాత్ర ఎంతదో కొలవండి

ఇక్కడ పాత్ర అంటే గిన్నె. నవల ఎంత పొడుగైనా ఉండవచ్చు. ప్రసారానికి గడియారం ఉంటుంది. మొత్తం ఎన్ని భాగాలు, ఒక్కోటి ఎన్ని నిమిషాలు, భాగానికీ భాగానికీ మధ్య ఎన్నాళ్ళ విరామం, ప్రకటనలు ఎక్కడ వస్తాయి అన్నవి ముందే రాసుకోండి. స్క్రీన్‌ప్లేలో ఒక పుట సుమారు ఒక నిమిషం అన్నది చిత్రరంగంలో వాడుకలో ఉన్న అంచనా; దాని ప్రకారం ఐదు గంటలంటే మూడు వందల పుటల స్క్రీన్‌ప్లే. మామూలు నిడివి సినిమాలో ఇమడని నవలకు కూడా ఇది చాలినంత చోటు. కాబట్టి ‘తమస్’ విషయంలో ఏదైనా సన్నివేశం కనిపించకపోతే సమయం చాలలేదన్న జవాబు వెంటనే ఒప్పుకోకూడదు.

చిన్న కథ దగ్గర లెక్క తలకిందులవుతుంది. శంకర్ నాగ్ దర్శకత్వం వహించిన ‘మాల్గుడి డేస్’లో అరగంట కూడా లేని భాగాలకు మూలం కొన్నిసార్లు నాలుగైదు పుటల కథే. అక్కడ దర్శకుడి సమస్య కోత కాదు, పూరించడం. ఏమి పూరించాడు, వీధి దృశ్యాలతోనా, కొత్త పాత్రతోనా, మౌనంతోనా అన్నదే అక్కడ మీ ప్రశ్న.

మూడో మెట్టు: నాలుగుసార్లు చూడండి

మొదటిసారి కలం పట్టకుండా, మామూలు ప్రేక్షకుడిలా చూడండి. ఎక్కడ ఒళ్ళు జలదరించింది, ఎక్కడ విసుగు పుట్టింది అన్నది తర్వాత గుర్తున్నంత వరకూ రాసుకుంటే చాలు. రెండోసారి చిట్టా పక్కన పెట్టుకుని, ప్రతి సన్నివేశం మొదలైన నిమిషం, ముగిసిన నిమిషం రాయండి. మూడోసారి శబ్దం తీసేసి చూడండి. నాలుగోసారి కళ్ళు మూసుకుని వినండి. చివరి రెండూ పిచ్చిపనిలా అనిపించవచ్చు గాని, ముఖ్యమైన దృశ్యాల వరకైనా చేసి చూస్తే ఫలితం తెలుస్తుంది. మాట లేకుండా అర్థమయ్యే దృశ్యం ఏది, మాట మీదే బతుకుతున్న దృశ్యం ఏది అన్నది ఇంకే విధంగానూ అంత త్వరగా బోధపడదు. అంతా కుదరకపోతే మొదటి పది నిమిషాలు, చివరి పది నిమిషాలు, మధ్యలో మీకు నచ్చిన ఒక దృశ్యం ఎంచుకోండి.

నాలుగో మెట్టు: మార్పులకు పేర్లు పెట్టండి, అక్కడ ఆగకండి

తీసివేత, చేర్పు, రెండు పాత్రలనో రెండు సంఘటనలనో కలపడం, వరుస మార్చడం, పేరు మార్చడం: దాదాపు అన్ని తేడాలూ ఈ ఐదింటిలో ఇమిడిపోతాయి. చిట్టాలో ప్రతి తేడాకూ ఒక మాట తగిలిస్తే ఈ మెట్టు పూర్తవుతుంది. దీనిని పెద్దది చేసి పట్టికలు గీయడంలోనే నా తొలి వ్యాసం మునిగిపోయింది. నలభై తేడాల్లో అర్థాన్ని కదిలించేవి నాలుగో ఐదో ఉంటాయి. వాటికి గుర్తు పెట్టుకుని ముందుకు కదలండి.

ఐదో మెట్టు: ప్రతి మార్పుకూ కారణం వెతకండి

పనంతటికీ గుండెకాయ ఇదే. మార్పును మెచ్చుకోవడానికీ తిట్టడానికీ ముందు దాని వెనక ఉన్న బలవంతం ఏమిటో కనిపెట్టాలి. నాలుగు దిక్కుల నుంచి బలవంతం రావచ్చు: మాధ్యమం, సమయం, ప్రసారం చేసేవారి జాగ్రత్త, దర్శకుడు మూలాన్ని అర్థం చేసుకున్న తీరు. ఒకే మార్పుకు రెండు మూడు కారణాలు ఉండటం మామూలే. ఏది ఎంత అన్నది తూకం వేయడమే విమర్శకుడి పని.

నత్థూ సంగతి చూద్దాం. నవల రెండు భాగాలు: మొదటిది నగరంలో, రెండోది పల్లెల్లో నడిచి చివరికి శరణార్థుల శిబిరానికి చేరుతుంది. పందిని చంపిన నత్థూ మొదటి భాగమంతా అపరాధభావంతో కుమిలిపోతాడు. తర్వాత కథనం అతన్ని వదిలేసి ఇతరుల వెంట పోతుంది. అతడు చనిపోయాడన్న సంగతి చివర్లో, మరో విషయం చెబుతూ చెబుతూ అన్నట్టు, పాఠకుడికి తెలుస్తుంది. తెర మీద అలా జరగదు. గర్భవతి అయిన భార్య కర్మోతో, జబ్బుపడిన తల్లితో నత్థూ ఊరు విడిచి నడుస్తాడు. తల్లి దారిలోనే చనిపోతుంది. ఇల్లూ దుకాణమూ పోగొట్టుకున్న వృద్ధ సిక్కు దంపతులు హర్నామ్ సింగ్, బంతోలను వాళ్ళు కలుసుకుంటారు. చివరికి శిబిరం దగ్గర కర్మో భర్త శవాన్ని గుర్తుపడుతుంది, ఆమెకు పురిటినొప్పులు వస్తాయి. బిడ్డ ఏడుపు వినిపించగానే రెండు మతాల నినాదాలు దాని మీదుగా వినిపిస్తాయి.

దీనికి కారణం ఏమిటి? మాధ్యమం అనవచ్చు: వారాల తరబడి సాగే ప్రసారంలో ప్రేక్షకుడు పట్టుకుని నడిచే చెయ్యి ఒకటి కావాలి. మొదటి దృశ్యంలో అంతసేపు చూసిన మనిషి మాయమైతే నవలా పాఠకుడు ఓర్చుకుంటాడు. టెలివిజన్ ముందు కూర్చున్న కుటుంబం ‘వాడేమయ్యాడు?’ అని అడుగుతుంది. ఇది నిజమే గాని సగమే నిజం. నవలలో నత్థూ మాయం కావడమే ఒక మాట చెబుతోంది: నిప్పు పెట్టడానికి వాడుకున్న పేదవాడిని చరిత్ర గుర్తు కూడా పెట్టుకోదు. తెర ఆ మాటను వదులుకుని, అతనికి ఒక అంతిమయాత్ర, ఒక వారసుడు ఇచ్చింది. నవలలో శిబిరంలో తిరిగే గుమస్తాకు కావలసినవి ఎన్ని ఇళ్ళు, ఎన్ని ప్రాణాలు, ఎంత సొత్తు అన్న అంకెలే. గోడు చెప్పుకోబోయిన వాళ్ళను అతడు అంకెల వైపే తిప్పుతాడు. ఆ చల్లదనం నవల ముగింపు స్వరం. పురిటి ఏడుపు ముగింపు స్వరమైనప్పుడు చల్లదనం పోయి వేదన వస్తుంది. నా మటుకు నాకు నవల ముగింపే మరింత భయంకరంగా అనిపిస్తుంది. కాని టెలివిజన్ ముగింపు తప్పు అని నేను అనను, అది మరో ప్రశ్నకు జవాబు చెబుతోంది.

రెండో ఉదాహరణ పేరుది. నవలలో డబ్బిచ్చి పందిని చంపించినవాడు మురాద్ అలీ. టెలివిజన్‌లో ఆ పాత్రను పంకజ్ కపూర్ వేశారు. నటుల జాబితాలో అతడు ఠేకేదారు, అంటే కంట్రాక్టరు, అంతే. పేరుతో పాటే అతని మతం తెలిపే గుర్తు పక్కకు జరిగింది. ప్రసార సంస్థకు ఉండే జాగ్రత్త ఒక కారణం కావచ్చు. కుట్ర చేసేది మతం కాదు, మధ్యవర్తి వర్గం అన్న దర్శకుడి వ్యాఖ్యానం ఇంకో కారణం కావచ్చు. మాధ్యమ స్వభావాన్ని కూడా మరవకూడదు: పుస్తకంలో మనిషిని మళ్ళీ గుర్తుపట్టడానికి పేరు తప్ప వేరే ఆధారం లేదు, తెర మీద ముఖం చాలు. నవల చివర శాంతి యాత్ర బస్సు బయలుదేరినప్పుడు, ఐక్యత నినాదాలు ఇస్తున్న ఆ మనిషి ఎవరో పాఠకుడికి పేరు ద్వారానే అందుతుంది. తెర మీద ఠేకేదారు ముఖం ఏయే చోట్ల, ఏ నిమిషాల్లో, ఎవరి పక్కన మళ్ళీ కనిపిస్తుందో రాసుకుంటే, పేరు చేసే పనిని ముఖం ఎంతవరకు చేసిందో తేలుతుంది. ఆ సమయాల జాబితా లేకుండా ఈ మార్పు మీద తీర్పు రాయకండి.

చేర్పుల విషయంలో ఒక హెచ్చరిక. తెర మీద ఉండి నవలలో లేనిదంతా దర్శకుడి కల్పన అనుకోవడం తొందరపాటు. నిహలానీ సాహ్నీ రాసిన వేరే కథల నుంచి కూడా కొంత తీసుకున్నారు. ఒక రచయితను అనుసరించేవారు ఒక్క పుస్తకాన్ని కాక ఆ రచయిత లోకాన్నంతటినీ ముడిసరుకుగా చూడవచ్చు. కనుక కల్పన అని రాసే ముందు రచయిత కథా సంపుటాలు తిరగేయండి.

ఆరో మెట్టు: కథ ఎవరు చెబుతున్నారో వినండి

నవలలో కథకుడి స్వరం ఉంటుంది, తెర మీద కెమెరా ఉంటుంది. ఈ రెండూ ఒకటి కావు. ‘తమస్’ నవల గూట్లోని దీపం రెపరెపలాడటంతో మొదలవుతుంది. గోడలో పైన రెండు ఇటుకలు ఊడి ఉన్నాయని, గాలి వచ్చినప్పుడల్లా దీపం కునుకుతుందని చెబుతూ కథకుడు నత్థూ మనసులోకి మెల్లగా జారుకుంటాడు. ఈ పని ఒప్పుకోకుండా ఉండాల్సిందన్న విచారం, డబ్బు మీద ఆశ, పంది మీద కోపం, భార్య గుర్తుకు రావడం, ఇవన్నీ మనకు లోపలి నుంచి తెలుస్తాయి. తెరకు లోపల లేదు. దానికి ఉన్నవి ఊపిరి, చెమట, పంది గురగుర, గది ఇరుకు, చీకటిలో కదిలే వెలుగు. ఈ దృశ్యాన్ని విశ్లేషించేటప్పుడు నవలలోని ఒక్కో ఆలోచనను తీసుకుని, తెర మీద దాని బదులు ఏది నిలిచిందో, లేదా ఏదీ నిలవలేదో జత కట్టండి. బదులు దొరకని ఆలోచనలే మీ వ్యాసానికి ముడిసరుకు.

ఇదే నవలలో మరింత కఠినమైన చోటు ఒకటుంది. షా నవాజ్ అనే సంపన్న ముస్లిం, కలహాల నడుమ హిందూ మిత్రుడి కుటుంబాన్ని కాపాడతాడు. వాళ్ళ నగలు తెచ్చి ఇవ్వడానికి ఆ ఇంటికి వెళతాడు. మెట్లు దిగుతుండగా, ముందు నడుస్తున్న ఆ ఇంటి నౌకరు మిల్ఖీ పిలకను చూసి, ఉన్నట్టుండి అతన్ని తన్నుతాడు. అంతకు ముందు దారిలో చూసిన దృశ్యాలు అతనిలో ఏదో రగిలించాయని పాఠకుడు ఊహిస్తాడు గాని, కథకుడు విప్పి చెప్పడు. మంచివాడిలో మృగం ఎలా లేస్తుందో చెప్పకుండానే చూపించిన ఘట్టమది. దీన్ని మీరే తెరకెక్కించాల్సి వస్తే కెమెరాను ఎక్కడ పెడతారో ఒక కాగితం మీద రాయండి. పిలకను దగ్గరగా చూపిస్తే కారణం మరీ తేటతెల్లమవుతుంది. దూరం నుంచి చూపిస్తే తన్ను అర్థం కాదు. షా నవాజ్ ముఖం చూపిస్తే నటుడు ‘చెప్పేస్తాడు’. ఇలా పది నిమిషాలు కుస్తీ పడ్డాక తెర రూపాన్ని చూస్తే, దర్శకుడు ఎంచుకున్నదీ వదులుకున్నదీ కూడా కనిపిస్తుంది. ఈ కాగితపు కసరత్తు ప్రతి అనుసరణ విషయంలోనూ కనీసం ఒక దృశ్యానికి చేయమని గట్టిగా సలహా ఇస్తాను.

హాస్యానికీ ఇదే చిక్కు. నారాయణ్ కథ ఒకదానిలో, పులిని ఎదిరించిన కుర్రవాడి వార్త పత్రికలో చదివిన తండ్రి, ధైర్యం నిరూపించుకోమని తన కొడుకు స్వామిని ఒంటరిగా ఆఫీసు గదిలో పడుకోమంటాడు. వాడు భయంతో బెంచీ కింద దూరి, చీకట్లో కదిలిన ఆకారాన్ని దయ్యమనుకుని కాలు పట్టి కొరుకుతాడు. అది దొంగ కాలు. అక్కడ నవ్వంతా వాడి భయానికీ కథకుడి నింపాది స్వరానికీ మధ్య ఉన్న దూరంలో పుడుతుంది. టెలివిజన్‌లో స్వామిగా మాస్టర్ మంజునాథ్, తండ్రిగా గిరీశ్ కర్నాడ్ నటించారు. ఆ నింపాదితనాన్ని ఇప్పుడు కథకుడు కాక నటుల ముఖాలు, ఎల్. వైద్యనాథన్ సంగీతం మోయాలి. స్వరం పోయిన చోట దాని బరువును ఎవరు ఎత్తుకున్నారు అన్నదే ఈ మెట్టులో అడగవలసిన ప్రశ్న.

తెలుగు పాఠకులకు ఇది మరీ దగ్గరగా తెలిసే ఉదాహరణ ‘అమరావతి కథలు’. ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన ఆ వంద చిన్న కథల ప్రాణం కృష్ణ ఒడ్డున కూర్చుని ఊరి మనిషి చెబుతున్నట్టుండే ఆ చెప్పే తీరులోనే ఉంది. సంఘటన చాలాసార్లు పిడికెడే. శ్యామ్ బెనెగల్ వాటిని దూరదర్శన్ కోసం హిందీలో తీశారు. తెలుగులో చదివిన కథ హిందీలో వినిపించినప్పుడు గుంటూరు సీమ పలుకుబడి ఎలాగూ మిగలదు. దానిని లోపమని రాయడం తేలిక. ఊరు, నది, గుడి మెట్లు, మనుషుల నడక ఆ పలుకుబడి చేసిన పనిలో ఎంత చేయగలిగాయి అని అడగడం కష్టం, కాని ఫలితమిచ్చేది అదే. బెనెగల్ పుట్టి పెరిగింది సికింద్రాబాదు ప్రాంతంలోనే అన్నది ఆసక్తికరమైన విషయం. అయితే దర్శకుడి పుట్టిన ఊరు దానంతటది ఏ వాదననూ నిరూపించదు.

ఏడో మెట్టు: చోటు, భాష, శబ్దం

పుస్తకంలో ఊరు ఊహకు వదిలేయవచ్చు. తెర మీద అది ఏదో ఒక నిజమైన చోట ఉండి తీరాలి. మాల్గుడి పటంలో లేదు. సరయూ నది, లాలీ రోడ్డు, మార్కెట్టు దారి ఇవే దానికి గుర్తులు. శంకర్ నాగ్ దానిని కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా ఆగుంబెలో నిలబెట్టారు. దేశంలోనే వర్షం బాగా కురిసే చోట్లలో అది ఒకటి. పెంకుటిళ్ళు, పచ్చటి కొండలు, తడిసిన వీధులు. కథల్లోని దుమ్ము రోడ్ల ఎండ ఊరు ఒక్కసారిగా మలెనాడు, అంటే కన్నడ కొండసీమ, ఊరయింది, ఆ ధారావాహిక చూసిన తరం పాఠకులకు ఇప్పుడు మాల్గుడి అంటే అదే. నారాయణ్ ఆంగ్లంలో రాశారు, ఆయన పాత్రలు లోలోపల తమిళమో కన్నడమో మాట్లాడుతున్నట్టుంటాయి, తెర మీద హిందీ మాట్లాడాయి. ఈ మూడు పొరలనూ వేరువేరుగా గుర్తించకుండా ‘సంభాషణలు సహజంగా ఉన్నాయి’ అని రాస్తే దానికి అర్థం ఉండదు.

శబ్దాన్ని మరిచిపోవడం విద్యార్థులందరూ చేసే పొరపాటు. ‘తమస్’లో గురుద్వారాలో చిక్కుకున్న సిక్కు స్త్రీలు తమలో ఒకరైన జస్బీర్ వెనక నడిచి బావిలో దూకే ఘట్టం రెండు రూపాల్లోనూ ఉంది. పుటలో దాన్ని చదివే వేగం మీది. తెర మీద వేగం దర్శకుడిది, పైగా ఆ నడకకు ప్రార్థనా స్వరాలు, వన్‌రాజ్ భాటియా సంగీతం తోడవుతాయి. భక్తి నిండిన శబ్దం ఆత్మహత్యను త్యాగంగా మారుస్తోందా, దాని దారుణాన్ని పెంచుతోందా? కళ్ళు మూసుకుని విన్న నాలుగోసారి రాసుకున్న మాటలు ఇక్కడ పనికొస్తాయి.

ఎనిమిదో మెట్టు: ఎప్పుడు రాశారు, ఎప్పుడు చూపించారు

ప్రతి అనుసరణలో కనీసం మూడు కాలాలు ఉంటాయి. ‘తమస్’ కథాకాలం 1947. సాహ్నీ రావల్పిండిలో పుట్టి, ఆ కలహాలను దగ్గరగా చూసినవారు. నవల రాసిన కాలం 1970 తర్వాత. ఆ ఏడు భివండీలో జరిగిన కలహాల శిథిలాలు చూసినప్పుడు పాత జ్ఞాపకాలు లేచాయని ఆయనే చెప్పుకున్నారు. ప్రసార కాలం 1988; అప్పటికి 1984 నాటి ఢిల్లీ సిక్కుల మారణకాండ జరిగి నాలుగేళ్ళు కూడా కాలేదు. నిహలానీ కూడా కరాచీలో పుట్టి, విభజన వల్ల చిన్నతనంలోనే ఇటు వచ్చిన కుటుంబానికి చెందినవారు. సిక్కు పాత్రలను, గురుద్వారా దృశ్యాన్ని 1988 నాటి ప్రేక్షకుడు ఏ కళ్ళతో చూసి ఉంటాడన్నది నవల నుంచి తెలిసే సంగతి కాదు. దానికి ఆనాటి పత్రికలు తిరగేయాలి. అప్పట్లో ఇంటింటా కనిపించేది దూరదర్శన్ ఒక్కటే. ఆదివారం ఉదయాల్లో అదే పెట్టెలో రామాయణం నడుస్తోంది. ఈ పక్కపక్క ప్రసారాల గురించే ఒక వ్యాసం రాయవచ్చు.

ప్రసారాన్ని ఆపమని కేసులు పడ్డాయి. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు చిత్రాన్ని స్వయంగా చూసి ప్రసారానికి అడ్డు చెప్పలేదు. 1988 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా అభ్యంతరాలను తోసిపుచ్చింది. దృశ్య ప్రభావాన్ని బలహీన మనస్కుల కొలతతో కాక, వివేకం, మనోధైర్యం ఉన్న మనిషి కొలతతో చూడాలని, చిత్రాన్ని ముక్కలుగా కాక మొత్తంగా చూడాలని ఆ తీర్పు సారాంశం. చదివే అక్షరం కన్నా చూసే దృశ్యం మనసును ఎక్కువగా కదిలిస్తుందన్న పాత తీర్పు వాదన కూడా అందులో చర్చకు వచ్చింది. ఏళ్ళ తరబడి గ్రంథాలయాల్లో ఎవరి జోలికీ పోకుండా ఉన్న కథ టెలివిజన్‌లోకి రాగానే న్యాయస్థానానికి ఎందుకు వెళ్ళింది? రెండు మాధ్యమాల తేడాకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం దొరకదు. తీర్పులు బహిరంగ పత్రాలు, చదవవచ్చు. విమర్శ వ్యాసంలో వాటిని వాడుకోని వారే ఎక్కువ.

రచయిత ఆమోదాన్ని మాత్రం సాక్ష్యంగా తేలిగ్గా వాడకండి. సాహ్నీ స్వయంగా హర్నామ్ సింగ్‌గా నటించారు కనుక మార్పులన్నిటికీ ఆయన సమ్మతి ఉందని ఊహించడం సహజమే. కాని రచయిత ఒప్పుకున్నంత మాత్రాన మార్పు మంచిదైపోదు, ఒప్పుకోనంత మాత్రాన చెడ్డదీ కాదు. తన నవల ఒకటి 1965లో సినిమాగా వచ్చినప్పుడు నారాయణ్ ఎంత నొచ్చుకున్నారో ఆయనే రాశారు. జనం ఆ సినిమాను నేటికీ గుండెలకు హత్తుకునే ఉన్నారు.

తొమ్మిదో మెట్టు: రాయడం

ఇంతవరకు చేసినదంతా కూలిపని. రాసేటప్పుడు చిట్టాను పక్కన పెట్టి, గుర్తు పెట్టుకున్న నాలుగైదు మార్పుల్లో ఒకే దారానికి గుచ్చుకునేవి రెండో మూడో తీసుకోండి. వ్యాసం మొదటి పేరాలోనే మీ వాదనను ఒక వాక్యంలో చెప్పండి. తర్వాత ప్రతి పేరాలోనూ నవలలోని చోటు, తెర మీది నిమిషం, కారణం, ఫలితం ఈ వరుసలో ఉండేట్టు చూడండి. కథాసారాంశం ఒక పేరాకు మించితే కత్తిరించండి. నటన ‘అద్భుతం’, ఛాయాగ్రహణం ‘అమోఘం’ లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయండి, లేదా ఏ భుజం ఎప్పుడు వంగిందో, వెలుగు ఏ వైపు నుంచి పడిందో చెప్పండి.

నమూనాకు ఒక పేరా ఇలా ఉండవచ్చు: ‘నవల నత్థూను మరిచిపోతుంది, టెలివిజన్ రూపం అతన్ని మరవనివ్వదు. పుటలో అతని మరణం ప్రస్తావనగా మిగిలి, నిప్పు అంటించడానికి వాడుకున్న పేదవాడు లెక్కల్లోకి కూడా రాడన్న చేదును మిగులుస్తుంది. తెర మీద అతని శవం దొరుకుతుంది, గుర్తుపట్టే మనిషి ఉంటుంది, ఆమెకు బిడ్డ పుడతాడు. వారాల తరబడి సాగే ప్రసారానికి ఒక ముఖం కావలసి రావడం దీనికి ఒక కారణం. 1988 ప్రేక్షకుడికి విభజన ముగిసిన కథ కాదని, అది తర్వాతి తరం పుట్టుకలోనే వినిపించిన నినాదమని చెప్పాలన్న దర్శకుడి ఉద్దేశం మరొకటి. అయితే దీనివల్ల నవలలోని వర్గదృష్టి పలచబడి, కుటుంబ దుఃఖం చిక్కబడింది.’

పేరా పూర్తయ్యాక దానికి ఎదురువాదం మీరే రాసి చూడండి. ఉదాహరణకు, మురాద్ అలీ పేరు ఠేకేదారుగా మారడం వర్గదృష్టిని పలచబరచకపోగా పెంచింది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే పేరా నిలుస్తుంది. దొరకకపోతే ‘పలచబడి’ అన్న మాటను మార్చి, ఐదో మెట్టులో రాసుకున్న ఠేకేదారు ముఖం కనిపించే నిమిషాల జాబితాను మళ్ళీ ముందు పెట్టుకుని, ఆ దృశ్యాలను ఇంకోసారి చూడండి.